సూపర్‌ఛార్జర్ బిగించాక శక్తి నిజంగా ఎంత పెరిగింది? హైదరాబాద్‌లో కొలిచే పద్ధతి

మీరు చెప్పిన వివరాలు ఇవి. మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్న ఈ90 తరం బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్ మీ దగ్గర ఉంది. దానికి సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ (బెల్టుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే కంప్రెసర్) కిట్ తెప్పిస్తున్నారు, అది ఇంకా చేతికి రాలేదు. 420 హార్స్‌పవర్ ఉన్న శక్తి 560కి పెరుగుతుందని అమ్మినవారు అంటున్నారు. బిగించాక ఒకసారి డైనో (చక్రాల వద్ద శక్తిని కొలిచే యంత్రం) ఎక్కిస్తే సరిపోతుందా, మిత్రుడు చెప్పినట్టు 0–100 సమయం చూసుకుంటే చాలా, మన ఊరి ఎత్తు వల్ల తగ్గే బూస్టును (కంప్రెసర్ అదనంగా ఇచ్చే గాలి పీడనాన్ని) చిన్న పుల్లీతో (కంప్రెసర్‌ను తిప్పే బెల్టు చక్రంతో) తిరిగి రాబట్టవచ్చా అని మూడు ప్రశ్నలు అడిగారు. మొదటి రెండింటికీ నా సమాధానం కాదు అనే. మూడోదానికి, కొలతలు చేతిలో ఉంటే తప్ప అవునని చెప్పలేను.

లాభం అంటే రెండు కొలతల మధ్య తేడా. మొదటి కొలత లేనప్పుడు రెండోది ఎంత పెద్ద అంకె అయినా అది మీ కారు శక్తిని చెబుతుందే తప్ప కిట్ తెచ్చిన లాభాన్ని చెప్పదు. చాలామంది మొదటి కొలత స్థానంలో బ్రోచరులోని అంకెను పెట్టి తీసివేత చేస్తారు. బ్రోచరులోని 420 కొత్త ఇంజనుకు, ప్రామాణిక వాతావరణ పరిస్థితుల్లో, క్రాంక్ వద్ద (చక్రాలకు చేరకముందు, ఇంజను షాఫ్టు దగ్గరే) లెక్కకట్టిన అంకె. మీ ఇంజను పదేళ్ళకు పైగా నడిచి ఉంటుంది, దాని అసలు శక్తి ఇప్పుడెంతో ఎవరికీ తెలియదు. పైగా ఆ 420 మెట్రిక్ లెక్కలోని హార్స్‌పవర్, అంటే పీఎస్. అమెరికా లెక్కలోని హార్స్‌పవర్‌లో చెబితే అదే ఇంజను 414. కిట్లు అమ్మేవారు ముందరి అంకెను ఒక కొలమానంలో, తరువాతి అంకెను మరో కొలమానంలో చెప్పడం కొత్తేమీ కాదు. అందుకే కిట్ వచ్చేలోపే, కారు ఇప్పుడున్న స్థితిలో, ఒక పూట కేటాయించి పునాది కొలత తీసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన పని అదే, జనం వదిలేసేదీ అదే.

ఇక మన వాతావరణం సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పీడనం దాదాపు 950 మిల్లీబార్లు, అంటే సముద్రతీరం కంటే ఆరు శాతం తక్కువ. దీనికి ఉష్ణోగ్రత తోడవుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.15 కిలోలు తూగితే, మే మధ్యాహ్నం 40 డిగ్రీల వద్ద 1.06 కిలోలే తూగుతుంది. ఊరు మారలేదు, కారు మారలేదు, అయినా ఇంజను పీల్చే గాలి దాదాపు ఎనిమిది శాతం తగ్గిపోయింది. మీరు పునాది కొలత జనవరిలో తీసుకుని, కిట్ ఆలస్యమై, రెండో కొలత మేలో తీసుకుంటే సూపర్‌ఛార్జర్ తెచ్చిన లాభంలో మూడో వంతు దాకా ఎండకే పోవచ్చు. వరుస తిరగబడితే ఎండ తగ్గినందువల్ల వచ్చిన శక్తి కూడా సూపర్‌ఛార్జర్ ఖాతాలో పడుతుంది. ఇక్కడ సరైన డైనో దొరకక బెంగళూరు వెళ్ళవలసి వస్తే రెండుసార్లూ బెంగళూరే వెళ్ళండి. ఆ ఊరు 900 మీటర్లు దాటిన ఎత్తున ఉంది, అక్కడి పీడనం మన కంటే ఇంకా తక్కువ. ఒకసారి చెన్నైలో, ఒకసారి బెంగళూరులో తీసిన సవరించని కాగితాలను పక్కపక్కన పెట్టడం వృథా ప్రయాస.

ఈ తేడాలను సరిచేయడానికే డైనో సాఫ్ట్‌వేర్ ఒక సవరణ గుణకం వాడుతుంది. ఎక్కువగా కనిపించేది అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే1349. అది 25 డిగ్రీల ఉష్ణోగ్రతను, తేమ తీసేసిన గాలికి 990 మిల్లీబార్ల పీడనాన్ని ప్రామాణికంగా తీసుకుంటుంది. మరొకటి ఎస్‌టీడీ అనే పాత పద్ధతి, అదే పరుగుకు సుమారు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. కాగితం మీద ఏ సవరణ వాడారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు దాన్నే చదవండి. హైదరాబాద్‌లో ఎస్ఏఈ గుణకం చలికాలంలో 1.05 చుట్టూ, వేసవిలో 1.10 చుట్టూ రావడం సహజం. అంతకు మించి కనిపిస్తే అనుమానించాలి.

ఎలా అనుమానించాలో ఒక ఉదాహరణతో చెబుతాను. డైనో గదిలో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఒక వైరు చివర వేలాడుతూ ఉంటుంది. దాన్ని బానెట్ అంచున, రేడియేటర్ వెనుక నుంచి వేడిగాలి కొట్టే చోట తగిలించారనుకోండి. గదిలో నిజంగా 36 డిగ్రీలే ఉన్నా అది 55 చూపిస్తుంది. మన పీడనం దగ్గర, వేసవి తేమతో, 36 డిగ్రీలకు రావలసిన గుణకం దాదాపు 1.10. 55 డిగ్రీలకు అది 1.14కు దగ్గరవుతుంది. చక్రాల వద్ద వాస్తవంగా 410 హార్స్‌పవర్ కొలిచిన పరుగు మొదటి లెక్కలో 451 అవుతుంది, రెండో లెక్కలో 466. సెన్సర్‌ను ఒక మీటరు జరిపినందుకు పదిహేను హార్స్‌పవర్ పుట్టుకొచ్చాయి. దీనికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. కాబట్టి కాగితం మీద సవరించిన అంకెతో పాటు సవరించని అంకె, గది ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గుణకం అన్నీ ముద్రించి ఇమ్మని అడగండి. ఇవ్వడానికి ఇష్టపడని చోట కొలిపించుకోవద్దు.

సవరణ గుణకం సూపర్‌ఛార్జర్ కార్లకు వర్తిస్తుందా అన్న చర్చ ఎప్పుడూ ఉంటుంది. టర్బో కార్లలో ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ఒక నిర్ణీత బూస్టును పట్టుకుని ఉంటుంది కనుక గాలి పలుచనైతే టర్బోను ఇంకాస్త వేగంగా తిప్పి లోటు పూడుస్తుంది. వాటికి ఈ గుణకం వాడితే లేని శక్తిని కలిపినట్టవుతుంది. మీ కిట్ అలాంటిది కాదు. బెల్టుతో తిరిగే కంప్రెసర్ బయటి పీడనాన్ని ఒక నిష్పత్తితో హెచ్చిస్తుంది. బయట తగ్గితే లోపలా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అందువల్ల గుణకం ఇక్కడ చాలావరకు న్యాయమే. అయితే ఎండలో ఇంజను టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి తీసుకోవడాన్ని ఏ గుణకమూ సరిచేయలేదు. కనుక రెండు కొలతల మధ్య ఉష్ణోగ్రత తేడా ఐదు డిగ్రీలు మించకుండా చూసుకోవడం, తెల్లవారుజామునే పని మొదలుపెట్టడం మేలు.

డైనో రకాల గురించి ఎక్కువ చెప్పను. బరువైన డ్రమ్మును తిప్పే ఇనర్షియా రకం, బ్రేకు లాగా లోడు పెట్టే ఎడ్డీ కరెంట్ రకం, చక్రాలు విప్పి హబ్‌కు బిగించే రకం ఒకే కారుకు వేర్వేరు అంకెలు చూపిస్తాయి. ఏది నిజం అన్న ప్రశ్నకు మీ అవసరంలో అర్థం లేదు. రెండుసార్లూ అదే యంత్రం, అదే సెట్టింగు, వీలైతే అదే ఆపరేటర్ కావాలి, అంతే.

గేరు మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి. నేరుగా ఒకటికి ఒకటి నిష్పత్తి ఉన్న గేరులో కొలవాలని అందరూ చెబుతారు. మీ గేర్‌బాక్సులో అది ఐదోది. కానీ 3.85 ఫైనల్ డ్రైవ్‌తో (వెనుక యాక్సిల్ దగ్గరి చివరి గేరు నిష్పత్తి), 19 అంగుళాల వెనుక టైర్లతో, ఐదో గేరులో 8300 ఆర్‌పీఎం అంటే గంటకు 270 కిలోమీటర్లు. దానికంటే ముందే 250 దగ్గర వేగ పరిమితి అడ్డుపడుతుంది. కాబట్టి 1.19 నిష్పత్తి ఉన్న నాలుగో గేరులో కొలవండి, 8300కు సుమారు 228 కిలోమీటర్ల దగ్గర పరుగు పూర్తవుతుంది. మొదటిసారి నాలుగులో, రెండోసారి ఐదులో కొలిస్తే ఆ రెండూ పోల్చదగినవి కావు.

మిగతా జాగ్రత్తలు చిన్నవిగా కనిపిస్తాయి గాని ఒక్కొక్కటీ కొన్ని హార్స్‌పవర్‌లు తింటుంది. వెనుక టైర్ల గాలి రెండుసార్లూ ఒకే స్థాయిలో ఉండాలి. కారును కట్టే పట్టీలను ఎక్కువ బిగిస్తే టైరు డ్రమ్ముకు అదుముకుని శక్తి వేడిగా పోతుంది. ఈ ఇంజను వాడే 10డబ్ల్యూ-60 ఆయిలు చిక్కనిది, వేడెక్కే దాకా ఘర్షణ ఎక్కువ. నీటి ఉష్ణోగ్రత కాదు, ఆయిలు ఉష్ణోగ్రత చూసుకుని పరుగు మొదలుపెట్టండి. ప్రతి దశలో కనీసం మూడు పరుగులు తీయించి, మూడింటినీ ఒకే గ్రాఫు మీద వేయించండి. ఆ మూడు గీతల మధ్య ఎంత ఎడం ఉందో అదే మీ కొలతకున్న పొరపాటు పరిధి. అది ఐదారు హార్స్‌పవర్‌లయితే, రేపు ఎవరైనా కొత్త గాలి ఫిల్టర్‌తో నాలుగు పెరిగాయని చెప్పినప్పుడు నవ్వి ఊరుకోవచ్చు.

చక్రాల వద్ద కొలిచినదాన్ని క్రాంక్ వద్దకు మార్చే గుణకారం జోలికి పోవద్దు. ఉదాహరణకు 455 వచ్చిందనుకోండి. ట్రాన్స్‌మిషన్‌లో 15 శాతం పోతుందంటే 535 అవుతుంది, 18 శాతం అంటే 555. మధ్యలో ఇరవై హార్స్‌పవర్‌లు కాలిక్యులేటర్‌లో పుట్టినవే. నిజానికి గేర్లలో, బేరింగుల్లో పోయేది స్థిరమైన శాతమూ కాదు, స్థిరమైన అంకె కూడా కాదు. చక్రాల వద్ద ముందు ఎంత, చక్రాల వద్ద తరువాత ఎంత అన్నదే చూడండి.

అమ్మినవారు చెప్పిన 560 నమ్మదగిందేనా అన్నది కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. సముద్రమట్టం వద్ద 6.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) బూస్టు ఇచ్చే కిట్ అనుకుందాం. పీడన నిష్పత్తి 1.44. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం పైచిలుకు ఉంటే గాలి సుమారు 45 డిగ్రీలు వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే భాగం) అందులో మూడింట రెండు వంతులు దించితే ఇంజనులోకి పోయే గాలి సాంద్రత అసలుకు 1.37 రెట్లవుతుంది. 420ని దానితో హెచ్చిస్తే 575 వస్తుంది. కానీ కంప్రెసర్‌ను తిప్పడానికి క్రాంక్ నుంచే 25 నుంచి 35 హార్స్‌పవర్‌లు ఇవ్వాలి. పైగా ఇది 12:1 కంప్రెషన్ ఉన్న ఇంజను కనుక, బూస్టు కింద టైమింగ్ కొంత తగ్గించక తప్పదు. 530 నుంచి 545 మధ్య అయితే నేను నమ్ముతాను. 560 అసాధ్యం కాదు గాని మంచి పెట్రోలు, చల్లని గాలి, ధైర్యమున్న ట్యూనింగ్ మూడూ కలిసిరావాలి. మరో మాట. సవరించిన కాగితం మీద 125 లాభం కనిపించినా, మే నెల హైదరాబాద్‌లో గుణకం 1.10 అయినప్పుడు మీకు రోడ్డు మీద దక్కేది అందులో పదో వంతు తక్కువ, అంటే 114 చుట్టూ. పోలికకు సవరించిన అంకె కావాలి, అనుభవానికి సవరించనిది కావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గరిష్ఠ శక్తి అనే ఒక్క అంకె సెంట్రిఫ్యూగల్ కిట్ విషయంలో అన్నిటికంటే తక్కువ చెప్పే అంకె. ఈ రకం కంప్రెసర్ బూస్టు దాదాపుగా వేగం వర్గంతో పెరుగుతుంది. 8300 వద్ద 6 పీఎస్‌ఐ ఇచ్చేది 4150 వద్ద ఒకటిన్నర ఇస్తుంది. 2500 వద్ద ఇచ్చేది చెప్పుకోదగింది కాదు, అక్కడ బెల్టు లాగే భారం తప్ప మిగిలేదేమీ ఉండదు. సూపర్‌ఛార్జర్లలోనే వేరే రకాలైన రూట్స్ రకమో ట్విన్ స్క్రూ రకమో అయితే 2000 దగ్గరే పూర్తి బూస్టుకు దగ్గరగా వస్తాయి, వాటి గ్రాఫు వేరే ఆకారంలో ఉంటుంది. కనుక మీ గ్రాఫును రెండు ముక్కలుగా చదవండి. నిండు యాక్సిలరేటర్‌తో రెండో గేరు నుంచి మూడుకు మార్చినప్పుడు ఇంజను 8300 నుంచి సుమారు 5500కు పడుతుంది, మూడు నుంచి నాలుగుకు మార్చినప్పుడు 6250కి. అంటే జోరుగా నడిపేటప్పుడు పనిచేసేది 5500–8300 మధ్యనే. ఆ పరిధిలో ప్రతి 250 ఆర్‌పీఎంకు అంకె తీసి, సగటు కట్టి, ముందు వెనుకలు పోల్చండి. రెండో ముక్క 2000–4000. మాదాపూర్ ట్రాఫిక్‌లో, బంజారాహిల్స్ ఎత్తుపల్లాల్లో మీ కారు బతికేది అక్కడే. అక్కడ లాభం పెద్దగా ఉండదని ఇప్పుడే తెలుసుకుంటే తరువాత కిట్‌ను నిందించవలసిన అవసరం రాదు.

డైనో పరుగుతో పాటే ఈసీయూ నుంచి డేటా లాగ్ తీయించండి. ఇన్‌టేక్ పీడనం, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వల్ల వెనక్కి తీసుకున్న డిగ్రీలు, లాంబ్డా (గాలి, ఇంధనాల నిష్పత్తి ఉండవలసినదానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె), ఇంధన పీడనం ఉండాలి. మొదట బూస్టు చూడండి. సముద్రతీరంలో 6.5 చూపే కిట్ ఇక్కడ 6.1 మాత్రమే చూపుతుంది, ఎందుకంటే 1.44తో హెచ్చించేది సముద్రతీరపు గాలి పీడనమైన 14.7ను కాదు, ఇక్కడి 13.8ని. ఈ 0.4 లోటును చూసి బెల్టు జారుతోందని కంగారుపడేవారు ఉన్నారు. బెల్టు జారడం వేరుగా కనిపిస్తుంది. ఆర్‌పీఎం పెరుగుతున్నకొద్దీ నిటారుగా ఎక్కవలసిన బూస్టు గీత 7000 దగ్గర చదునైపోతుంది, లేదా కొద్దిగా ఊగుతుంది. బానెట్ ఎత్తితే పుల్లీ చుట్టూ సన్నని నల్లటి రబ్బరు పొడి అంటుకుని ఉంటుంది, వేలితో తుడిస్తే తెలుస్తుంది. అలాంటి స్థితిలో తీసిన కాగితం కిట్ శక్తిని కాదు, వదులైన బెల్టును కొలిచినట్టు.

తరువాత ఉష్ణోగ్రత. డైనో ముందు పెట్టే ఫ్యాను ఎంత పెద్దదైనా వంద దాటిన వేగంలో బంపర్‌కు తగిలే గాలికి సాటిరాదు. నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్ మూడో పరుగుకు వేడి నానిపోతుంది. మొదటి పరుగులో 50 డిగ్రీలున్న ఇన్‌టేక్ గాలి మూడో పరుగులో 70 దాటితే ఈసీయూ టైమింగ్ తగ్గిస్తుంది, అంకె పడిపోతుంది. ఆ పడిపోయిన అంకెను దాచవద్దు. నిజం చెప్పాలంటే మే నెలలో మీరు నడిపేది ఆ కారునే. మొదటి పరుగు, మూడో పరుగు మధ్య తేడా ఇంటర్‌కూలర్ సత్తాకు కొలత.

పెట్రోలు రెండుసార్లూ ఒకటే కావాలి. 20 శాతం ఇథనాల్ కలపడం రాకముందు మామూలు బంకు పెట్రోలు 91 ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే గుణానికి కొలత) ఉండేది. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన ఎక్స్‌పీ100, హెచ్‌పీసీఎల్ తెచ్చిన పవర్ 99 లాంటి ఎక్కువ ఆక్టేన్ రకాలు వచ్చాయి. ఈ ఇంజనుకు బూస్టు పెట్టాక 95 కంటే తక్కువ పోయడం నాకు సమ్మతం కాదు. ముందు కొలత 95తో, తరువాతి కొలత 100తో తీస్తే అందులో సూపర్‌ఛార్జర్ వాటా ఎంత, ఆక్టేన్ వాటా ఎంత అన్నది ఎప్పటికీ విడదీయలేరు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు విషయంలో ఇంకో చిక్కు ఉంది. గాలికి, ఇంధనానికి ఉండవలసిన నిష్పత్తి స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 అయితే దీనికి దాదాపు 13.5. అందుకే 12.5, 11.8 లాంటి అంకెలతో మాట్లాడేవారిని లాంబ్డాలో చెప్పమనండి. నిండు బూస్టులో 0.80–0.85 మధ్య నిలకడగా ఉంటే నిశ్చింత, 0.90 వైపు పోతుంటే ఆ పరుగును అక్కడే ఆపించాలి. ఇంధనం పలుచబరిచి తెచ్చిన పది హార్స్‌పవర్ లాభం కాదు, పిస్టన్ మీద అప్పు.

ఇక రోడ్డు మీద కొలత. మిత్రుడు చెప్పిన 0–100 సమయం శక్తిని కొలవదు. అది టైర్ల పట్టును, క్లచ్ వదిలే పాదాన్ని, తారు ఉష్ణోగ్రతను కొలుస్తుంది. సూపర్‌ఛార్జర్ పెట్టాక వెనుక చక్రాలు ఇంకా ఎక్కువ జారి ఆ సమయం మారకపోయినా ఆశ్చర్యం లేదు. ఒకే గేరులో, కదులుతున్న కారుతో, గేరు మార్చకుండా తీసే సమయమే పనికొస్తుంది. మీ కారుకు మూడో గేరులో 80 నుంచి 160 చక్కగా సరిపోతుంది, ఇంజను 3900 నుంచి 7700 దాకా తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120, కాబట్టి దీన్ని అక్కడ చేయవద్దు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి సర్క్యూట్‌లో ట్రాక్ డే రోజునో, మూసిన ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే కార్యక్రమంలోనో చేయండి.

లెక్క సులభం. మీతో, పెట్రోలుతో కలిపి కారు 1700 కిలోలనుకుందాం. ఈ అంకెను ఊహించవద్దు, ఆటోనగర్ వైపు లారీలను తూచే వేబ్రిడ్జి మీద కారును నిలబెట్టి చీటీ తీసుకోండి. 80 నుంచి 160కి చేరడానికి కారులో పెరిగే గతిశక్తి దాదాపు 12.6 లక్షల జౌళ్ళు. ఉదాహరణకు ముందు 7.8 సెకన్లు పట్టి తరువాత 6.4 పడితే, వేగవృద్ధికి ఖర్చయిన సగటు శక్తి 161 కిలోవాట్ల నుంచి 197కు పెరిగినట్టు. తేడా 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్. గాలి నిరోధం, టైర్ల నిరోధం రెండుసార్లూ ఒకే వేగాల మధ్య ఉన్నాయి కనుక తేడాలో వాటి ప్రభావం దాదాపుగా రద్దవుతుంది. చూశారా, డైనో మీద శిఖరం వద్ద నూరు దాటిన లాభం, పరిధి మొత్తం మీద సగటు కట్టేసరికి సగానికి పడింది. ఇది కిట్ లోపం కాదు, సెంట్రిఫ్యూగల్ స్వభావం.

ఈ లెక్కను చెడగొట్టేవి మూడు. మొదటిది పరికరం. ఫోన్‌లోని జీపీఎస్ చాలావరకు సెకనుకు ఒక్కసారే స్థానం చెబుతుంది, ఆ ఒక్క సెకనులో మీ కారు పది కిలోమీటర్ల వేగం పుంజుకుంటుంది. సెకనుకు పదిసార్లో అంతకు మించో నమోదు చేసే రేస్‌లాజిక్, డ్రాగీ లాంటి పరికరం వాడండి. స్పీడోమీటర్‌ను కెమెరాతో తీసి లెక్కకట్టడం వద్దు, అది ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. రెండోది వాలు. కంటికి ఆనని ఒక శాతం వాలు 120 వేగం దగ్గర ఏడున్నర హార్స్‌పవర్ ఇస్తుంది లేదా తీసుకుంటుంది. దక్కన్ రాతినేల మీద సమతలం అనిపించిన రోడ్డు సమతలం కాదు. అందుకే రెండు దిశల్లోనూ పరుగులు తీసి సగటు కట్టాలి, గాలి దిశ కూడా దానితోనే సర్దుకుంటుంది. మూడోది బరువు. పక్క సీటులో మనిషి కూర్చుంటే మూడు నాలుగు శాతం మారుతుంది. కిట్ బరువు కూడా రెండో లెక్కలో కలపండి, అంటే బిగించాక మళ్ళీ వేబ్రిడ్జి ఎక్కించండి.

మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే డ్రాగ్ పరుగుల (నేరు దారిలో వేగ పందాల) వంటి చోటికి వెళ్ళగలిగితే 402 మీటర్ల చివర నమోదయ్యే వేగాన్ని చూడండి, సమయాన్ని కాదు. బరువు మారనప్పుడు శక్తి ఆ వేగం ఘనంతో పోతుంది. 182 ఉన్నది 195 అయితే శక్తి సుమారు 23 శాతం పెరిగినట్టు. సమయం మాత్రం మళ్ళీ టైర్ల కథే.

ఇప్పటికే కిట్ బిగించుకుని పునాది కొలత లేనివారికి చక్కని దారి లేదు. బెల్టు తీసేసి పరుగు తీస్తే పాత ఇంజను దొరకదు, గాలి ఆగిపోయిన కంప్రెసర్ గుండా పోవాలి, ఈసీయూలో ఉన్నదీ పాత మ్యాపు (ట్యూనింగ్ పట్టిక) కాదు. అదే తరం ఇంజనుతో మార్పులు చేయని మరో కారును అదే రోజు, అదే డైనో ఎక్కించడం కొంత నయం. రెండు స్టాక్ కార్ల మధ్యే కొన్ని శాతాల తేడా ఉండగలదని మనసులో పెట్టుకోవాలి.

కొలతకు ముందే చూడవలసినది ఒకటుంది. ఈ ఎస్65 ఇంజనుకు కనెక్టింగ్ రాడ్ బేరింగుల అరుగుదల బాగా తెలిసిన బలహీనత. పునాది కొలత రోజునే ఆయిలు నమూనా తీసి సీసం, రాగి ఎంత ఉన్నాయో పరీక్ష చేయించండి. పాత బేరింగుల మీద బూస్టు పెట్టి డైనో మీద 8300 దాకా తిప్పవద్దు. అలాగే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని పరిమితం చేస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ఆర్టీఏ దగ్గర, బీమా సంస్థ దగ్గర ఈ మార్పు పరిస్థితి ఏమిటో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

చివరగా పుల్లీ. ఇక్కడ పోయిన పీడనాన్ని పూర్తిగా రాబట్టాలంటే పీడన నిష్పత్తి 1.44 నుంచి 1.54కు పెరగాలి. దానికి కంప్రెసర్ సుమారు పది శాతం వేగంగా తిరగాలి. అప్పుడు ఇంటర్‌కూలర్‌కు చేరేలోపే గాలి ఇంకో తొమ్మిది డిగ్రీలు వేడెక్కుతుంది, బెల్టు మీద లాగుడు పెరుగుతుంది, పుల్లీ చిన్నదైనకొద్దీ బెల్టు పట్టుకునే చుట్టుకొలత తగ్గి జారే అవకాశం పెరుగుతుంది. కంప్రెసర్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ వేగాన్ని 8300 వద్ద దాటుతుందో లేదో పుల్లీల వ్యాసాలతో లెక్క వేయాలి. కిట్‌తో వచ్చిన పుల్లీతోనే ఒక వేసవి గడవనివ్వండి. మే మధ్యాహ్నం తీసిన లాగ్‌లో మూడో పరుగుకు కూడా నాక్ వల్ల టైమింగ్ వెనక్కి పోకుండా, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 60 దాటకుండా, బూస్టు గీత చివరిదాకా ఎక్కుతూ ఉంటే చిన్న పుల్లీకి చోటుంది. అప్పుడు దానికీ ముందొక కొలత, తరువాతొక కొలత, అదే డైనోలో, అదే నాలుగో గేరులో తీయించి ఆ ఆరు గీతల గ్రాఫు, లాగ్‌లు పంపితే చూసి చెబుతాను.